దూడను విప్పిన ఆవిడ

నాకు ఆడని పాత సినిమాలంటే పిచ్చి. హీరో హీరోయిన్ల కోసం కాదు. తెర మీద పేరు కూడా సరిగా పడని మనుషులు వాటిలో ఒక్కోసారి ప్రాణం పెట్టి చేస్తారు, వాళ్ల కోసం. "హాలువాళ్లు ఈగలు తోలుకున్న సినిమాలన్నీ ఏరుకొస్తావేం?" అని మా ఆయన ఎగతాళి. తోలుకుంటే తోలుకున్నారు, నాకేం?

పోయిన వేసవిలో మా ఆడపడుచు సింగరాయకొండ నుంచి పెళ్లి బట్టలు కొనడానికి గుంటూరులో మా ఇంటికి వచ్చింది. అత్తగారు మా దగ్గరే ఉంటారు. తల్లీకూతుళ్లకు మాటల్లేవు.

మామగారు పోయినరోజు, ఊళ్లో ఇంటి వాకిట్లో శవం ఉండగానే చినుకులు మొదలయ్యాయి. ఏడాది కష్టం, మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. అత్తగారు శవం పక్కనుంచి లేచి, కల్లానికి వెళ్లి, కాయల మీద పట్టాలు లాగి, అంచులకు రాళ్లు పెట్టి వచ్చారు. కంట తడి లేదు. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. "నీది రాతిగుండె" అని కూతురు అందరి ముందూ అనేసింది. అప్పటినుంచి అంతే. మా ఇంటికి వచ్చాక కూడా తల్లి ఎదురుగా కూర్చుని ఉండగానే, "మీ అత్తగారు అన్నం తిన్నారేమో అడుగు వదినా" అనేది. మధ్యలో నా చావు!

ఒకరోజు మధ్యాహ్నం వంట ముగించి టీవీలో ఒక నలుపు తెలుపు సినిమా పెట్టాను. కథ నీరసం. కామెడీ అయితే, దేవుడా! కానీ రైతు భార్యగా ఒకావిడ వేసింది. భర్త శవం ఇంటికొస్తుంది. ఊరంతా ఏడుస్తూ ఉంటే, కొట్టంలో దూడ ఆకలికి ఒకటే అరుపు. ఆవిడ లేచి వెళ్లి దూడను విప్పి తల్లి దగ్గరకు వదులుతుంది. గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడుతుంది. మాట లేదు, పాట లేదు. బొటనవేలొక్కటే మెల్లగా కదులుతూ ఉంటుంది. అదీ నటనంటే!

పక్కకు చూస్తే ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏం చేసింది వదినా! చుక్క కన్నీరు లేకుండా మనల్ని చంపేసింది. పాపం, ఎంత బాధ మింగిందో."

మంచం మీద నడుం వాల్చిన అత్తగారు లేచి కూర్చున్నారు.

"ఆవిడ దూడను విప్పితే పాపం అన్నావు. మీ నాన్న తన చేత్తో ఆరబోసిన కాయలు తడవకుండా నేను కప్పితే రాతిగుండె అన్నావు. అవి తడిస్తే ఆయన ప్రాణం ఊరుకునేదటే?"

నేను టీవీ కట్టేశాను. ఆడపడుచు లేచి తల్లి మంచం దగ్గరకు వెళ్లింది.

"అమ్మా, అన్నం తిన్నావా?" అంది.

"లేదు. పెట్టు" అన్నారు అత్తగారు. అని, ముఖం మీదకు కొంగు లాక్కున్నారు. మామగారు పోయాక ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.