మా అమ్మ వద్దన్న ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి మొన్న ఆదివారం ఏలూరులో మా అమ్మాయి వాళ్ళ టీవీలో బొమ్మల కథగా కనబడింది. అలా అంటే నవ్వుతారు గానీ, నాకు మాత్రం అలాగే అనిపించింది. పూర్వం అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ళు తమ పిల్లలకు చెప్పుకున్న కథలట అవి. ఇప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేట్టు రంగురంగుల బొమ్మలతో తీసి, తెలుగులో మాట్లాడించారు. మా మనవరాలికి అవి పెట్టందే ముద్ద దిగదు. పెరుగన్నం పళ్ళెం పట్టుకుని నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ రోజు కథలో ఒక కుందేలు నక్క చేతికి చిక్కింది. నన్ను కాల్చుకు తిను, వండుకు తిను, నీ ఇష్టం, ఆ ముళ్ళపొదలోకి మాత్రం విసరకు బాబోయ్ అని కాళ్ళావేళ్ళా పడింది. నక్కకి కావలసింది కుందేలుని ఏడిపించడమే కనక, తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే పారేసింది. కుందేలు పుట్టి పెరిగిందే ఆ ముళ్ళపొదలో. లోపల్నుంచి నక్కని వెక్కిరించి చక్కా పోయింది. మా మనవరాలు పడీ పడీ నవ్వి, నా వైపు చూసి, "అదేంటమ్మమ్మా, కుందేలు తప్పించుకుందిగా, ఎందుకేడుస్తున్నావ్?" అంది. కళ్ళలో కారం పడిందన్నాను. పెరుగన్నంలో కారం ఎక్కడిదని అది నన్ను నిలదీసింది. ఈ కాలం పిల్లల దగ్గర అబద్ధాలు నిలవవు.

దానికి చెప్పలేదు గానీ, మా అమ్మ చేసిందీ ఆ కుందేలు చేసిన పనే. నా కోసం చేసింది.

మాది ఉంగుటూరు దగ్గర కాలవ కింద పల్లెటూరు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయారు. పొలం, ఇల్లు, మేము, అన్నీ మా పెదనాన్న చేతి కింద ఉండేవి. ఆయన చెడ్డవారని నేను ఇప్పటికీ అనను. తిండికి లోటు చెయ్యలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కానీ తమ్ముడి భార్య మాట ఇంట్లో చెల్లిందంటే తన మీసం దిగిపోయినట్టే అనుకునేవారు. ఆ రోజుల్లో మరదలు బావగారికి ఎదురుపడి మాట్లాడేది కాదు. అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి, ఆయన వినేలా మా పెద్దమ్మతో చెప్పేది. ఆయన అరుగు మీద కూర్చుని గోడకు చెప్పినట్టు జవాబు చెప్పేవారు. ఆ జవాబు ఎప్పుడూ అమ్మ అన్నదానికి ఎదురే.

ఆ సంగతి అమ్మ తొందరగానే కనిపెట్టింది. నాకు చేపల పులుసు పెట్టించాలనుంటే, "అక్కా, ఇవాళ్టికి వంకాయ కూర చాలదాండి" అనేది. "ఏం, కొల్లేట్లో చేపలైపోయాయా?" అని అరుగు మీద నుంచి వినబడేది. అయిదో క్లాసు అవగానే నన్ను బడి మానిపిస్తారేమోనని భయం వేసినప్పుడు, "ఆడపిల్లకి పెద్ద చదువులెందుకండీ అక్కా, పేడకళ్ళెత్తడం నేర్చుకుంటే సరిపోద్ది" అంది. మర్నాడే పెదనాన్న నాకు కొత్త పుస్తకాలూ సంచీ తెచ్చారు. అమ్మ తలుపు చాటున చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను. ఎందుకు నవ్వుతోందో మాత్రం నాకు తెలియలేదు.

ఆ తరవాతి ఏడాది అమ్మకి క్షయ ముదిరింది. ఏలూరు తీసుకెళ్ళి చూపిస్తే అప్పటికే ఆలస్యమైందన్నారు. మంచం వసారాలోకి మారింది. పెద్దమ్మకి ఇద్దరు చంటిపిల్లలు. "తల్లి పోయినా ఈ పిల్ల ఉంటాదిలెండి, వీళ్ళనెత్తుకోడానికి ఓ చెయ్యి దొరుకుద్ది" అని ఆవిడ పక్కింటివాళ్ళతో అంటుంటే నేనూ విన్నాను, అమ్మా విన్నది. అంటే ఇక నాకు బడి లేదు. అమ్మ పోయాక తలుపు వెనక నిలబడి నా కోసం తిరగేసి మాట్లాడేవాళ్ళూ ఉండరు. అమ్మకి ఉన్న దారి ఒక్కటే. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, తాడేపల్లిగూడెంలో టీచరు. ఆవిడకి పిల్లల్లేరు, నేనంటే పడిచచ్చేది. నేను ఆవిడ దగ్గరికి చేరితే చదువుకుంటాను, మనిషినవుతాను. కానీ పిల్లని చెల్లెలి దగ్గరికి పంపండి అని అమ్మ నోటి నుంచి వస్తే చాలు, పెదనాన్న జన్మలో పంపరు.

ఒకనాడు పిన్ని అమ్మని చూడ్డానికి వచ్చింది. పెద్దమ్మ బట్టలుతకడానికి కాలవకెళ్ళిన కాసేపూ అక్కచెల్లెళ్ళిద్దరూ తల దగ్గర తల పెట్టుకుని గుసగుసగా మాట్లాడుకున్నారు. నన్ను దొడ్లోకి పంపేశారు. పెద్దమ్మ తిరిగొచ్చింది. పెదనాన్న పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారో లేదో, వసారాలో అమ్మ గొంతు లేచింది. నాలుగు మాటలంటే ఆయాసపడే మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"అక్కా, దీన్ని బయటికి పొమ్మనండి. నేను పోయాక నా పిల్లని గూడెం తీసుకుపోద్దంట. నా పిల్ల దాని గడప తొక్కడానికి వీల్లేదండి. ఇక్కడే ఉండాలి, ఈ ఇంట్లోనే పెరగాలి. ఈ ఒక్కసారికైనా నా మాట చెల్లించండి."

పెదనాన్న గోడ వైపు తిరిగి, "ఎవరెక్కడుండాలో చెప్పడానికి ఈ ఇంట్లో మగాళ్ళు లేరనుకున్నారా? పిల్ల బట్టలు సర్దండి. ఇవాళే వాళ్ళ పిన్నితో గూడెం పోద్ది" అన్నారు. పెద్దమ్మ ఏదో అనబోయింది. ఆయన చూసిన చూపుకి నోరు మూసుకుంది.

నాకు తెలిసిందల్లా, అమ్మ వద్దని మొత్తుకుంటున్నా నన్ను అమ్మ దగ్గర నుంచి లాక్కుపోతున్నారని. పరిగెత్తుకెళ్ళి మంచం మీద పడి, నేను వెళ్ళనమ్మా, వెళ్ళనని గుండెలు పగిలేలా ఏడ్చాను. అమ్మ నా చేతులు విదిలించేసింది. "పో. నా మాట లెక్కచెయ్యని వంశంలో పుట్టినదానివి, నువ్వూ పో. నాకు కనబడకు" అని గోడ వైపు తిరిగిపోయింది. మళ్ళీ ఇటు తిరగలేదు. ఒక చెయ్యి మాత్రం మంచం పట్టె మీద ఉంది. వేళ్ళు తెల్లగా పాలిపోయేంత గట్టిగా పట్టుకుని ఉంది. నేను ఆ వేళ్ళనే చూస్తూ గుమ్మం దాటాను.

పిన్ని బస్సులో గూడెం దాకా ఏడుస్తూనే ఉంది. నేను ఏడవలేదు. కనబడకు అన్న అమ్మ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంతోనే చాలా రోజులు ఉన్నాను. అమ్మ ఎలా ఉందని ఒక్కసారైనా అడగలేదు.

ఆ ఏడు ఊడుపులు పూర్తికాకముందే కబురు వచ్చింది. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక ఒక సాయంత్రం పెరట్లో నా తల దువ్వుతూ పిన్ని అసలు సంగతి చెప్పింది. ఆ రోజు తిట్లన్నీ తనకి ముందుగా చెప్పి మరీ అమ్మ తిట్టిందని, నన్ను తన చేతిలో పెట్టడానికి అమ్మకి అంతకంటే వేరే దారి కనబడలేదని చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే నువ్వలా ఏడ్చేదానివి కాదు కదమ్మా. నీ ఏడుపు చూసే మీ పెదనాన్నగారు నమ్మారు" అంది. వచ్చాకైనా చెప్పొచ్చుగా అన్నాను. "చెబితే నువ్విక్కడ ఉండేదానివా? పారిపోయి దాని పక్కలో పడుకునేదానివి. నువ్వు ఒకసారి వెనక్కి వెళ్తే మళ్ళీ రానివ్వరని దాని భయం." పిన్ని దువ్వెన పక్కన పెట్టేసింది. ఇంక ఆ పూట నాకు జడ వెయ్యలేకపోయింది.

మా అల్లుడు చెప్పాడు, ఆ నల్లజాతి తల్లుల కళ్ళముందే వాళ్ళ పిల్లల్ని అమ్మేసేవారట. ఎదురు మాట్లాడే హక్కు లేనివాళ్ళు కుందేలు నోట మాట్లాడుకున్నారన్నమాట. ఆ కథ మొదట చెప్పిన తల్లి నవ్విస్తూ చెప్పిందో, కడుపులో ఏడుస్తూ చెప్పిందో. బొమ్మల్లో కుందేలు తనను తాను కాపాడుకుంది. మా అమ్మ నన్ను ఒడ్డుకి చేర్చి తను ఆ వసారాలోనే ఉండిపోయింది, పోయేటప్పుడు గొంతులో నీళ్ళు పొయ్యడానికి కన్నకూతురు పక్కన లేకుండా.

నేను చదువుకున్నాను. పిన్నిలాగే టీచర్నయ్యాను. బడికి వచ్చి కన్నపిల్లల్నే నానా మాటలూ అనే తల్లుల్ని ఎంతోమందిని చూశాను. తోటి టీచర్లు ఆ మాటలు పట్టుకుని చెవులు కొరుక్కునేవారు. నేను మాత్రం ఆ తల్లుల చేతుల వైపు చూసేదాన్ని. మనుషులు నోటితో ఒకటి చెబుతున్నప్పుడు చేతులతో ఏం పట్టుకుని ఉన్నారో చూడాలని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, అమ్మ దగ్గరే తెలుసుకున్నాను.

అదంతా నాటకమని, ఆ నాటకం వల్లే నాకు ఈ బతుకు వచ్చిందని ఎవరడిగినా చెబుతాను. కానీ అమ్మ గొంతు ఒక్కసారి విందామని కళ్ళు మూసుకుంటే నాకు వినబడేది "నాకు కనబడకు" అన్న మాటే. తలుపు చాటు నుంచి పెద్దమ్మతో అన్నవి గుర్తున్నాయి, బావగారి కోసం అన్నవి గుర్తున్నాయి. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాతో ముద్దుగా అన్నవి ఎన్నో ఉండే ఉంటాయి. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తు రావడం లేదు.