పెరిగిన ఇనుము

రేవులో అందరూ ఆయన్ని మొసలి అంటారు. ఒంటికి వయసొచ్చింది గానీ నోటికి రాలేదు. ముప్పై ఏళ్లుగా నీళ్లలో మునిగి, రేవును మోసే బోలు ఇనుప స్తంభాలను తుప్పు ఎంత తినేసిందో చూడటం ఆయన పని. చేతిలో బొటనవేలంత అల్ట్రాసోనిక్ సెన్సరు ఉంటుంది. ఇనుముకు ఆనిస్తే, చెవికి అందని శబ్దం లోపలికి పోయి ఆ రేకు అవతలి అంచుకు తగిలి తిరిగొస్తుంది. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మందం ఎన్ని మిల్లీమీటర్లో మీటరు చూపిస్తుంది. మాస్కులోని మైకులో ఆయన అంకె చెబితే, గట్టు మీద స్పీకరు ముందు కూర్చున్న కోడలు రాసుకుంటుంది. ఇంట్లో కంటే ఆ తీగ మీదే మామా కోడళ్లకు మాటలెక్కువ.

సోమవారం ఏడో స్తంభం దగ్గర ఆయన "ఐదు" అన్నాడు.

"పోయినేడు ఇక్కడ నాలుగే మామయ్యా. ఇంకోసారి పెట్టి చూడండి."

"పోయినేడు చూసినవాడి చూపు సంగతి నాకు తెలీదా?"

"ఇనుము పెరగదు కదా మరి."

"నువ్వు పుట్టకముందు నుంచీ మునుగుతున్నా. కుర్చీలో కూర్చుని నాకు ఈత నేర్పకు. రాయి."

స్పీకరులో విన్న పడవవాళ్లు పకపకా నవ్వారు. ఆమె తలొంచుకుని రాసింది.

గురువారం అదే స్తంభానికి, ఎప్పటికీ అంటిపెట్టుకుని ఉండే సెన్సరు ఒకటి బిగించడానికి ఆయన మళ్లీ దిగాడు. అంటుకున్న గుల్లలు గీకుతుంటే గీకుడు కత్తి పిడి దాకా ఇనుములోకి దిగబడింది.

ఆయనకు సోమవారం చెప్పిన ఐదు గుర్తొచ్చింది. ఇనుము మరీ పల్చబడితే తిరిగొచ్చే మొదటి శబ్దం మీటరుకు చిక్కదు. రెండోదాన్ని పట్టుకుని, ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది. రెండున్నర కాస్తా ఐదవుతుంది. తెలియని మనిషైతే పోనీలే అనుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి చెప్పి హడలగొట్టేది ఆయనే.

"మామయ్యా, ఊపిరి వినపడట్లేదు. బాగానే ఉన్నారా?"

"పడవలు ఆపమను. జనాన్ని రేవు మీద నుంచి పంపెయ్యమను."

మూడు రోజులుగా ఆ స్తంభం మీదుగానే వందలమంది ఎక్కి దిగుతున్నారు.

ఆయన పైకొచ్చేసరికి రేవు అధికారి కాగితాలు తిరగేస్తున్నాడు. "ఐదని ఉందే. మీ కోడలే కదా రాసింది? చెవుల్లో దూది పెట్టుకుందా ఏంటి?"

నోరు తెరవాల్సింది అప్పుడే. అంత పెద్ద నోరూ పెగల్లేదు. తన కాళ్ల కింద చేరిన నీటి మడుగునే చూస్తూ నిలబడ్డాడు. మహా అయితే నాలుగు ఊపిర్లంత సేపు. అంతలోనే అధికారి కాగితం మీద కోడలి పేరు కింద ఎర్రగీత గీశాడు. ఆమె కలానికి మూత పెట్టింది.

"నేను చెప్పిందే రాసింది," అన్నాడు ఆయన, అప్పటికి. "మళ్లీ చూడమంది. నేనే చూడలేదు. పైగా అరిచాను."

పడవవాళ్లు ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆయనకు.

ఇంటికి పోయేటప్పుడు ఆయన తడి సంచి ఆమె భుజానికి తగిలించుకుంది.

"చెప్పాను కదమ్మా, చివరికి."

"చెప్పారు మామయ్యా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి బదులు చెప్పేవాడు. సంచి ఇటివ్వమని అడగడానికి కూడా మొహం చెల్లక, నాలుగడుగులు వెనకే నడిచాడు.