ఒంటరి పాటకు కోరస్

అనంతపురం నుంచి కీబోర్డు ఒళ్లో పెట్టుకుని బస్సులో తార్నాక వచ్చాను. అక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో నా న్యూ వేవ్ రాక్ పాట మొదటిసారి జనం ముందు పాడాలి. ఈ రకం పాటకు కీబోర్డు చల్లగా మోగాలి, పాడేవాడు బిల్లు కౌంటర్లో గుమాస్తాలాగా మొహం పెట్టాలి. రెండోది నాకు బాగా వచ్చు.

'నేను ఒంటరిని' అని మొదటి లైను పాడి, నేల చూస్తూ ఆగాను. ఆ నిశ్శబ్దమే పాటకు ప్రాణమని నెలరోజులు ప్రాక్టీసు చేశాను. ముందు వరుసలో ఒకతను చప్పట్లతో తాళం మొదలుపెట్టాడు. వెంటనే రెండొందల గొంతులు 'నేను ఒంటరినీ' అని అందుకున్నాయి. ప్రతి లైనుకూ అదే. చివరికి నేనూ వాళ్ల తాళానికే వాయించాను.

తర్వాత తార్నాకలో టీ తాగుతుంటే ఆ చప్పట్లతనే పక్కకొచ్చాడు. వారాసిగూడలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాడట.

"పాటంతా చెడగొట్టినావు కదప్పా" అన్నాను.

అతను నొచ్చుకున్నాడు. "గట్లనకన్నా. మా దగ్గర పాడెటోడు లైన్ పాడి ఆగిండంటే కోరస్ ఇయ్యమని. ఎవ్వలు అందుకోకపోతే ఆయన ఇజ్జత్ పోతది."

"అది ఒంటరితనం మీద పాట."

"తెలుసన్నా. అందుకే ఇంక గట్టిగ పాడినం."

ఇంటికొచ్చి ఆ రోజు తీసిన వీడియో చూపించాను. అందులో మొదటి లైను దాటాక, చప్పట్ల హోరులో నా గొంతు ఎక్కడా వినిపించదు. మావాళ్లు నా పాట బాగుందనడం అదే మొదటిసారి.