ఐదు లెక్కపెట్టే మాస్టారు

ఈ వృత్తిలో ఏళ్ల తరబడి ఒక వింత సాగుతోంది. పత్రిక ఎప్పుడు తిరగేసినా పైలట్ల కొరత, పైలట్ ఎవరిని కదిపినా ఉద్యోగాల కొరత. ఈ రెండు కొరతల మధ్య ఇరుక్కున్నవాళ్లలో మాస్టారు ఒకడు. ఒక చిన్న ఫ్లయింగ్ స్కూల్లో, రెండు సీట్ల విమానంలో, పిల్లలకు ఎగరడం నేర్పుతాడు. ఎదురుగా అందరూ మాస్టారనే పిలుస్తారు. చాటున గాలి మాస్టారంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఒక్క ఏడాది నేర్పి, ఎగిరిన గంటలు పోగుచేసుకుని, పెద్ద విమానాలకు వెళ్లిపోదామనుకున్నాడు. ఆ ఏడాది పదకొండేళ్లయింది. ఈలోగా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆయన నెత్తిమీదుగానే ఎగిరిపోయారు, అదీ అక్షరాలా. ఇంటి మీదుగా విమానం వెళ్లినప్పుడల్లా భార్య బట్టలారేస్తూ తలెత్తి "ఇదెవరండీ?" అనేది. "మూడో బ్యాచ్ పొడుగువాడు," అనేవాడు. అలా చెప్పుకోవడంలో గర్వమెంతో కడుపుమంటెంతో ఆయన ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

మాస్టారికి ఒక పద్ధతి ఉంది. విద్యార్థి గాల్లో తప్పు చేస్తే వెంటనే చెప్పడు. చెబితే ఆ తప్పూ తనదే అవుతుంది, దిద్దుబాటూ తనదే అవుతుంది, పిల్లవాడికి మిగిలేది ఆయాసం మాత్రమే. అందుకని కంట్రోలు పక్కనే చెయ్యి సిద్ధంగా పెట్టుకుని, మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెడతాడు. చాలామంది మూడు దగ్గర తేరుకుంటారు. ఐదు దాకా వచ్చి ఆయన చెయ్యి వెయ్యాల్సి వచ్చినవాళ్లు పదకొండేళ్లలో తొమ్మిదిమంది.

ఇలా ఉండగా ఒక చార్టర్ కంపెనీ విస్తరిస్తున్నట్టు ప్రకటించింది. ఆటగాళ్ల జట్లనీ, గని కార్మికులనీ, సెలవులకు వెళ్లే గుంపులనీ అద్దె విమానాల్లో తిప్పే సంస్థ అది. ఉన్నవి నాలుగు విమానాలు, రెండేళ్లలో ఇరవై చేస్తుందట. దాని ఆఫీసు గోడ మీద ఇరవై విమానాలూ రెక్కకు రెక్క ఆనించుకుని ఎగురుతున్న బొమ్మ ఉంది. నిజంగా ఎవరైనా అలా ఎగిరితే ఇరవైమంది లైసెన్సులూ మర్నాడే ఊడతాయి. కో-పైలట్లు కావాలన్నారు, నలభై ఐదు నిండకూడదన్నారు. మాస్టారికి నలభై నాలుగున్నర. ఈ తలుపు మూసుకుందంటే ఆయన బతుకంతా రెండు సీట్ల విమానమే.

ఎంపిక రోజున పొద్దున్నే నాలుగు వందల ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు. 'మీరెప్పుడైనా అబద్ధం చెప్పారా?' అని పదిహేడో ప్రశ్న. అదే ప్రశ్న చొక్కా మార్చుకుని రెండు వందలు దాటాక మళ్లీ వచ్చింది. మాస్టారు రెండుచోట్లా ఒకే అబద్ధం రాశాడు. ఆయన నిలకడకు మంచి మార్కులు పడ్డాయి.

తర్వాత పరీక్షకు వచ్చిన ఆరుగురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, కాగితాలూ స్ట్రాలూ ఇచ్చి గోపురం కట్టమన్నారు. నాయకత్వం ఎవరిదో చూస్తారని అందరికీ ముందే తెలుసు. నాయకుడు ఎదుటివాణ్ని ప్రోత్సహించాలనీ తెలుసు. అందుకని ఆరుగురూ ఒకరినొకరు ప్రోత్సహించుకుంటూ ఇరవై నిమిషాలు గడిపేశారు. గోపురం జానెడు లేచింది. "అద్భుతమైన జట్టు స్ఫూర్తి," అని రాసుకుంది హెచ్‌ఆర్ మేడమ్.

ఇంటర్వ్యూలో ఆవిడే అడిగింది. "మాది కంపెనీ కాదు సార్, కుటుంబం. మిమ్మల్ని మీరు ఏ పక్షితో పోల్చుకుంటారు?"

"కోడితోనమ్మా."

"కోడా?"

"పొదిగి పంపిస్తుంటాను. నేను మాత్రం గంప కిందే."

ఆవిడ నవ్వి, హాస్య చతురత అనే గడిలో టిక్కు పెట్టింది. ఉన్న ఒక్క కుటుంబంతోనే వేగలేకపోతున్నానని అందామనుకుని మాస్టారు ఆగాడు.

మధ్యాహ్నం సిమ్యులేటర్. ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద తెల్లపెట్టె అది. మెట్లెక్కి లోపలికెళితే అచ్చంగా విమానం ముందుభాగం, అద్దాల్లో బొమ్మ రన్‌వే, వెన్ను వణికించే ఏసీ. వెనక కుర్చీలో పరీక్షాధికారి కూర్చుని ఉన్నాడు. ఆయన మాస్టారి తొలి బ్యాచ్ శిష్యుడు. ఇద్దరూ తెలియనట్టే పలకరించుకున్నారు.

మాస్టారికి జోడీగా వచ్చింది ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఫ్లయింగ్ స్కూలు వదిలి ఎనిమిది నెలలైంది. ఆమె నడపాలి, మాస్టారు పక్కన కూర్చుని గమనిస్తూ, ఏదైనా గీత తప్పితే పైకి చెప్పాలి. పెద్ద విమానాల్లో ఇద్దరు పైలట్ల పని పంపకం అదే.

పొగమంచులోంచి రన్‌వే వైపు దిగుతున్నారు. విమానం ఉండాల్సినదానికంటే కిందికి జారింది. మాస్టారు చూశాడు. చెయ్యి తనంతట తానే కంట్రోలు పక్కకు చేరింది. ఒకటి. రెండు. మూడు. నాలుగుకి అమ్మాయి ఉలిక్కిపడి ముక్కు పైకెత్తింది, సరిచేసుకుంది, పూలు పరిచినట్టు దింపింది.

"బాగా చేశావమ్మా," అన్నాడు మాస్టారు మనస్ఫూర్తిగా.

పరీక్షాధికారి తెరలు ఆపేశాడు. "ఎత్తు తగ్గడం మీరెప్పుడు చూశారు సార్?"

"అమ్మాయికంటే ముందే."

"చెప్పలేదేం?"

"తనే చూసుకుంటుందని. నాలుగుకి చూసుకుంది."

నాలుగేమిటో అమ్మాయికి తెలియలేదు. పరీక్షాధికారికి తెలుసు. "నాకైతే మీరు ఐదు దాకా లెక్కపెట్టారు. ఇప్పటికీ మర్చిపోలేదు," అన్నాడు.

"అందుకేగా లెక్కపెట్టింది."

"నిజమే సార్. కానీ ఆ రోజు విమానంలో మనిద్దరమే. ఇక్కడ మీ వెనక నూట ఎనభైమంది ఉన్నట్టు లెక్క. వాళ్లు ఎవరో పాఠం నేర్చుకుంటే చూడ్డానికి ఎక్కలేదు. ఈ అమ్మాయీ మీ దగ్గర చదువుకోవడానికి కూర్చోలేదు. మీరు చెబుతారన్న ధైర్యంతో కూర్చుంది."

మాస్టారు కంట్రోలు పక్కనుంచి చెయ్యి తీసేశాడు. పొద్దుట్నుంచీ ప్రతి పరీక్షకూ లోలోపల నవ్వుకుంటూ వచ్చాడు. ఇది నవ్వుకోవడానికి వీల్లేని పరీక్ష.

ఒకసారి మళ్లీ చేసే అవకాశం అందరికీ ఉంది. "మీకూ ఇస్తున్నాను," అన్నాడు పరీక్షాధికారి. "చూడగానే చెప్పండి. రెండే మాటలు. ఎత్తు తక్కువ." తర్వాత అమ్మాయి చెవిలో, ఈసారి కావాలనే కిందికి దించమని చెప్పాడు.

మళ్లీ పొగమంచు. మళ్లీ జారుడు. మాస్టారు ఒకటి కూడా లెక్కపెట్టకుండా నోరు తెరిచాడు. కానీ పదకొండేళ్ల నోరది. అందులోంచి అలవాటైన మాటే వచ్చింది.

"ఇప్పుడు నీ ఎత్తు ఎంతుండాలి? చెప్పు."

అమ్మాయి ఆ గొంతు విని ఠక్కున నిటారుగా కూర్చుంది. "సర్, మైలు దూరంలో మూడు వందల అడుగులు సర్, ఎందుకంటే మూడు డిగ్రీల వాలులో..." అని చూపు మాస్టారి మీద నిలిపి, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. జవాబు పూర్తయ్యేలోపే బొమ్మ విమానం నేలను గుద్దుకుని తెరలు ఎర్రబడ్డాయి. పెట్టె ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"జవాబు తప్పా సర్?" అంది అమ్మాయి, ముఖం పాలిపోయి.

"జవాబు సరైనదే తల్లీ. అడగడమే తప్పు." మాస్టారు వెనక్కి తిరిగాడు. "ఇది నా పేరు మీదే రాయి బాబూ. ఆ పిల్లది కాదు."

"తెలుసు సార్. రెండోసారి పెట్టింది మీ పరీక్షే," అన్నాడు పరీక్షాధికారి తలెత్తకుండా రాస్తూ.

సాయంత్రానికి అమ్మాయి పేరు జాబితాలోకెక్కింది. తన తప్పు తానే, ఎవరూ చెప్పకుండానే దిద్దుకుందని ఆమెకు ప్రత్యేక ప్రశంస కూడా దక్కింది. మాస్టారికి ఉత్తరం చేతికిచ్చారు. ఆయన నిలకడా, జట్టు స్ఫూర్తీ, హాస్య చతురతా కుటుంబాన్ని మంత్రముగ్ధం చేశాయని నాలుగు వాక్యాలున్నాయి. ఐదోది 'అయితే' అని మొదలైంది. ఆయన గడ్డిపోచకింద తీసిపారేసిన పరీక్షలన్నిట్లోనూ ఆయనదే మొదటి స్థానం. గౌరవించిన ఒక్కదాంట్లోనే బోల్తాపడ్డాడు.

కార్లు ఆపే చోటుకి శిష్యుడు వెనకే వచ్చాడు. "నాలుగు నెలల్లో ఇంకో బ్యాచ్ సార్. అప్పటికి మీకు నలభై ఐదు నిండటానికి ఇంకా రెండు నెలలుంటుంది. మీకు చూపు లోపం లేదు, చెయ్యి లోపం లేదు. ఆ మాట నాలుక చివరికి రావాలి, అంతే."

"నువ్వు పెడతావా పరీక్ష?"

"నేనే పెడతాను. మొహమాటం మాత్రం పెట్టుకోను."

"పెట్టుకుంటే నేనే నిన్ను ఫెయిల్ చేస్తాను," అన్నాడు మాస్టారు.

ఇంట్లో భార్య కళ్లద్దాల దుకాణం నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. ఆవిడ ఆ దుకాణంలో వచ్చినవాళ్లకు ఫ్రేములు ముక్కుకు సరిచేసి పెడుతుంది.

"పోయిందా?"

"పోయింది."

"అన్యాయం చేశారా?"

"లేదు. అదే బాధ."

"అయ్యో. అన్యాయమైతే ఇద్దరం కూర్చుని హాయిగా తిట్టుకునేవాళ్లం." ఆవిడ అంతా విన్నది. కూలిన సంగతి దగ్గర నవ్వింది, ఆ పిల్ల అడిగిన ప్రశ్న దగ్గర నవ్వడం మానేసింది. ఆపైన అంది: "రేపట్నుంచి నా స్కూటర్ వెనక కూర్చోండి, దుకాణం దాకా. నేను గీత తప్పగానే చెప్పాలి. ప్రశ్న వేశారంటే అక్కడే దించేస్తాను."

"నీ బండికీ విమానానికీ పోలికేమిటే?"

"మొదటి ప్రశ్న వేసేశారు. రేపు నడిచి రండి."

నిజంగానే మర్నాడు నడిపించింది. రెండోరోజు ఆవిడ సిగ్నల్ వేయకుండా మలుపు తిరిగితే, మాస్టారి నోరు తెరుచుకునేసరికి మలుపు వెనకపడింది. మూడోరోజు "ఆ లారీ ఎంత దూరం..." అని మొదలుపెట్టి, నాలిక్కరుచుకుని, "లారీ," అన్నాడు. ఆవిడ మెచ్చుకోలేదు, దించనూలేదు.

నాలుగోరోజు పోస్టాఫీసు దగ్గర ఎడమకు తిరగాల్సిన బండి నేరుగా పోయింది. "మలుపు దాటాం," అన్నాడు మాస్టారు. మాట వచ్చాకగానీ, తాను లెక్కపెట్టలేదన్న సంగతి ఆయనకే తెలియలేదు.

"విన్నాను," అంది ఆవిడ. "టైర్ల దుకాణానికి వెళ్లాలి, కావాలనే దాటాను."

"అంటే నేను చెప్పింది..." ప్రశ్న వస్తోందని పసిగట్టి ఆయన మధ్యలోనే ఆపుకున్నాడు.

"తప్పో ఒప్పో నడిపేదాన్ని నేను చూసుకుంటాను. మీరు చెప్పారు, చాలు."

"ముందు గుంత."

"చూశానండీ," అంది ఆవిడ హ్యాండిల్ తిప్పుతూ. "అయినా చెప్పండి."