వాడిపట్టి వియ్యపురాలి పాట

తమిళనాట కారమడైలో సౌందరం అంటే ఇడ్లీపిండి. రంగనాథుడి కోవెల వెనుక వీధిలో పొద్దున్నే గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లకు పిండితో పాటు పాటలూ దొరుకుతాయి. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ ఆమె పాడుతూనే ఉంటుంది. అన్నీ సొంతంగా కట్టినవే, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో. చదివింది తమిళ బడిలో కనుక తెలుగు రాయడం రాదు. రాయకపోతేనేం, స్వామి జ్ఞాపకం ఇచ్చాడు.

ఆమె తమ్ముడి కొడుకు గోకుల్‌నాథ్ కోయంబత్తూరులో రికార్డింగు పని చేస్తాడు. అత్త పాటలతో ఆల్బం చేయాలని పట్టుబట్టి, పూజగది గోడలకు దుప్పట్లు వేలాడదీసి మైకు పెట్టాడు. అంత నిశ్శబ్దంలో సౌందరానికి తాళమే దొరకలేదు.

"ఏమాయె అత్తా?"

"గ్రైండరు లేకుండా ఎట్లరా పాడేది? వంట లేకుండా ఆకు వేసినట్ల ఉండాది."

చివరికి పక్క గదిలో గ్రైండరు తిరుగుతుండగానే పాడించాడు. ఎదురింటావిడ యువరాణి ఆ మధ్యాహ్నాలు మిక్సీ ముట్టకుండా చట్నీ రోట్లో నూరుకుంది. ఆమెను ఎవరూ అడగలేదు. అలాంటి ఇరుగుపొరుగు దొరకడం కూడా దేవుడి ప్రసాదమే.

ఆల్బం వచ్చింది. అందులో పోయిన భర్త మీద ఒక పాట, పాలు విరిగిన రోజు మీద ఒక పాట, ఇంకా కూతురు కృత్తిక అత్తగారైన వాడిపట్టి మీనాంబాళ్ వడ్డన మీద ఒక పాట. పెళ్లిలో వియ్యాలవారిని ఎగతాళి చేస్తూ పాడడం మావాళ్ల ఆచారం. కృత్తిక పెళ్లి పందిట్లో కట్టిన పాటే అది. అయితే పందిట్లో పాడింది పందిట్లోనే పోతుంది. ఇప్పుడేమో ఊరందరి ఫోన్లలోకీ ఎక్కింది.

ఆనాటి నుంచి మీనాంబాళ్ ఫోన్ చేయడం మానేసింది. సౌందరానికి అన్నం సహించలేదు. తన నోటివల్ల కూతురి కాపురంలో చిచ్చు పడుతుందేమోనని దిగులు. ఆల్బం పాటలతో గోకుల్‌నాథ్ కచ్చేరీ కూడా పెట్టించాడు. కృత్తికను అడిగితే ఆమె ఇంకా భయపెట్టింది.

"నాతో బాగనే ఉండాది అమ్మా. నీ పేరెత్తితే మాత్రం వంటింట్లోకి పోయి తలుపు వేసుకొంటాది. కచ్చేరీలో ఆ పాట ఒద్దే ఒద్దు."

కచ్చేరీ కోయంబత్తూరులో, ఒక చిన్న హాల్లో. వేదిక మీద సౌందరం, పక్కన గ్రైండరు. ఖాళీగా తిప్పితే రాయి అరుగుతుందని నానిన బియ్యం కూడా వేశారు. ఇక మొదలుపెట్టాలి అనగా మీనాంబాళ్ వచ్చింది. పట్టుచీర, వెనక వ్యానెడు చుట్టాలు. నవ్వకుండా వెళ్లి ముందు వరసలో కూర్చుంది. సౌందరం రెండుసార్లు గొంతు సవరించుకుంది. అది చూసి హాలు ఊడ్చే అమ్మాయి వేడినీళ్లు తెచ్చి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సౌందరం ఒక్కొక్క పాటే పాడింది. జనం మెచ్చుకున్నారు. వడ్డన పాట వంతు రాగానే దాన్ని దాటేసి, చేతులు జోడించి మంగళం ఎత్తుకుంది.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"నిలుపు వదినా!" మీనాంబాళ్ లేచి నిలబడింది. "మంగళమా? నా పాట ఎక్కడ?"

"అది... నీకు కోపం వస్తాదని..."

"తిట్టకపోతేనే గదా కోపం! సంబంధిని ఎగతాళి చేయకుండా పంపిస్తే ఏమర్థం? మీరు మాకు ఏమీ కారు అని గదా! ఇంతమందిని తోలుకొని వచ్చిండాను, నా మరియాద ఏమాయె?"

వెనక చుట్టాలందరూ అవునవునని తలలూపుతూ "ఆమా, ఆమా" అన్నారు.

"మరి ఫోన్ ఎందుకు చేయలేదు వదినా? నేను సగమైపోతిని."

"బదులు పాట కట్టుతుండాను. నీ గొంతు వింటే నవ్వొచ్చి ముందే పాడేస్తాను గదా! ఈయమ్మ నీ పేరెత్తినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లో దూరుతుండాను." ఈయమ్మ అంటే పక్కనే కూర్చున్న కృత్తిక. ఆ అమ్మాయి ముఖం కొంగులో దాచుకుంది.

సౌందరం కళ్లు తుడుచుకుని ఎత్తుకుంది:

"వాడిపట్టి వదినమ్మ వడ్డన చూడరే,
గరిటె నిండా చారమ్మ, గంటకొక్క ముక్క!"

మీనాంబాళ్ నడుముకు కొంగు దోపి, ఉన్నచోటి నుంచే అందుకుంది:

"కారమడై వదినమ్మ కాఫీ చూడరే,
లోటా నిండా నురుగమ్మ, లోపల రెండు చుక్కలు!"

హాలంతా నవ్వులు. సౌందరమైతే గ్రైండరు పట్టుకుని నవ్వింది. మీనాంబాళ్ గెలిచినదానిలా, రికార్డు చేస్తున్న గోకుల్‌నాథ్ వైపు తిరిగింది.

"ఏమప్పా, నాదీ ఎక్కెనా?"

"మైకు మీ దగ్గర లేదు గదా అత్తమ్మా. ఎక్కలేదు."

ఆమె చెప్పులు విడిచి వేదిక ఎక్కింది. సౌందరం పక్కనే చతికిలబడి, మైకు తన వైపు లాక్కుంది.

"అట్లయితే మొదటినుంచి తిట్టు వదినా."