బేస్‌మెంట్‌లో చాపలు

లూసీ గొంతు పిల్లిపిల్ల గొంతని అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో తెలుగువాళ్ల వేళాకోళం. వారమంతా హాస్పిటల్ లాబ్‌లో పని, ఆదివారం సండే స్కూలు. పిల్లల ముందు గలగల మాట్లాడే మనిషి, పెద్దలు కనబడితే గోడకి అతుక్కుపోయేది.

1983 క్రిస్మస్ ఆదివారం. తెలుగువాళ్ల ఆరాధన ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. మెట్ల దగ్గర మంచు బూట్లు విప్పి చాపల మీద కూర్చోవడం గుంటూరు నుంచి తెచ్చుకున్న అలవాటు. ఆవేళ పై చర్చి పాస్టరుగారు వస్తున్నారని సంఘపెద్ద దైవాశీర్వాదం చాపలు చుట్టించేశాడు.

"కుర్చీలు వేయండి. బూట్లు ఎవరూ విప్పొద్దు. నేల మీద చతికిలబడితే వీళ్లకింకా విగ్రహాల వాసన వదల్లేదంటారు. వాళ్లు పుట్టు క్రైస్తవులు!"

విప్పిన బూట్లని పిల్లలు దొంగతనం బయటపడ్డట్టు గబగబా తొడుక్కుంటున్నారు. అది చూసి లూసీ గోడ వదిలి ముందుకొచ్చింది.

"పుట్టు క్రైస్తవులు ఎవరూ లేరంకుల్."

"కాస్త గట్టిగా చెప్పమ్మా, చీమలక్కూడా వినబడాలి."

"ఇంగ్లీషువాళ్ల తాతలు చెట్లకీ రాళ్లకీ మొక్కినవాళ్లే. రోము నుంచి అక్కడికి సువార్త వెళ్లినప్పుడు పోపుగారు ఏమని కబురంపారో తెలుసా? విగ్రహాలు తీసేయండి, గుళ్లు మాత్రం కూలగొట్టకండి, అలవాటైన చోటే దేవుణ్ణి కొలవనివ్వండి అని. ఎడ్లని కోసి విందు చేసుకుంటే దేవుడి పేరున చేసుకోమన్నారు."

"ఆరాధనయ్యాక మనం పెట్టుకునే ప్రేమవిందే కదటే!" వంట దగ్గర్నుంచి ప్రేమజ్యోతి ఆంటీ కేకేసింది. "మనది కోడి బిర్యానీ, అంతే తేడా."

అందరూ నవ్వారు. దైవాశీర్వాదం నవ్వలేదు. "వాళ్ల ఇంట్లో ఉంటున్నాం, అమ్మాయ్. చులకనైపోతే?"

"వాళ్ల అలవాట్లు వాళ్లకి మిగిలాయి. మనవి మనమే దాచుకుంటే, ఈ పిల్లలకి ఇక నేను పాఠం చెప్పలేనంకుల్. వేరేవాళ్లని చూసుకోండి."

లూసీ చూపు దించలేదు.

అంతలో పాస్టరుగారు మెట్లు దిగారు. చుట్టి పెట్టిన చాపల్ని చూసి, "నీళ్లేమైనా లీకయ్యాయా?" అని కంగారుపడ్డారు.

దైవాశీర్వాదం ఒక్క క్షణం లూసీ వంక చూశాడు. తర్వాత వంగి తన బూట్ల లేసులు విప్పాడు.

"లేదు పాస్టర్," అన్నాడు ఇంగ్లీషులో, నిటారుగా నిలబడి. "దేవుడి ముందు మేం చెప్పులతో కూర్చోం. మా తాతలనాటి నుంచీ ఇంతే."

వెనక్కి తిరిగి, తెలుగులో గదిమాడు: "చూస్తారేం? చాపలు పరవండి!"