పసుపు పూసిన రబ్బరు పాదం

పంక్చరు దుకాణంలో వేడి రబ్బరు వాసన వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం బతుకమ్మ పండుగ గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది.

చిలకలగూడలోని మా గల్లీ ఆ రోజుల్లో తంగేడు, గునుగు పూల పచ్చి వాసనతో, నాయనమ్మ దంచే నువ్వుల కమ్మదనంతో, చేతికంటిన బెల్లం నాకుతూ తిరిగే మా పిల్లమూక గోలతో ఒకటే సందడిగా ఉండేది. పాట ఎత్తుకునేది మా మేనత్త సుజాత. మోండా మార్కెట్లో పూలమ్మి పెంచుకున్న గొంతు, వీధి చివరిదాకా వినబడేది. బస్సు ప్రమాదంలో ఆమెకు మోకాలి కింద కాలు పోయాక ఆ పాట అరుగు మీదికి చేరింది. ఎవరో ఇప్పించిన కృత్రిమ కాలికి బూటు అతికి ఉండేది. దాంతో కింద కూర్చోలేకపోయేది, బతుకమ్మ చుట్టూ వట్టి కాళ్లతోనే తిరగాలి గనుక ఆటలోకీ రాలేకపోయేది. పాడుతూ పాడుతూ అత్త కళ్లు తుడుచుకుంటే నా నువ్వుల ముద్ద ఆమె చేతికి పోయేది.

అప్పుడు దొరికారు ఎముకల డాక్టరు గారు. నేల మీద కూర్చుని బతికే పేదవాళ్లకు బూటు కాలు ఎందుకని, ఆసుపత్రి వెనక వేడి రబ్బరు వాసన కొట్టే రేకుల షెడ్డులో చెప్పులు కుట్టేవాళ్లనూ వడ్రంగులనూ కూర్చోబెట్టుకుని, తక్కువ ఖర్చుతో రబ్బరు పాదాలు చేయించేవారు. "ఇంట్ల ఏం పని చేస్తవమ్మా?" అని ముందు అడిగేవారు.

"బతుకమ్మ ఆడాలె సారూ" అన్నది అత్త, తడుముకోకుండా.

ఆయన నవ్వలేదు. షెడ్డులోనే ఆడించి, వంగినప్పుడల్లా మడమ ఎలా లేస్తుందో నేల మీద కూర్చుని చూసి, మళ్లీ మళ్లీ చెక్కించారు.

ఆ ఏడు అత్త వట్టి కాళ్లతో ఆటలో దిగింది. ఒక్క అడుగూ తప్పలేదు. నాయనమ్మ ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది, మేము గంతులేశాం. పండుగ తర్వాత అత్త, నాయనమ్మ, నేనూ పాదం చూపించడానికి వెళ్తే డాక్టరు గారు దాన్ని చూసి కంగారుపడ్డారు.

"రబ్బర్ గిట్ల పచ్చగైందేందమ్మా, పాడైందా?"

"పాడెందుకైతది సారూ, నేనే పసుపు వెట్టిన. పండుగపూట ఒక కాలికి వెట్టి ఇంకో కాలికి వెట్టకుంటే ఎట్ల?" అన్నది నాయనమ్మ.

ఎంత రుద్దినా పోని ఆ పసుపును షెడ్డులో అందరినీ పిలిచి చూపిస్తూ ఆయన కడుపుబ్బ నవ్వారు.

ఇప్పుడు ఆ డాక్టరు గారు లేరు, షెడ్డు ఉన్నచోట బండ్లు నిలుపుతున్నారు. గల్లీ నిండా అపార్టుమెంట్లు, పాటలు స్పీకరులోంచి వస్తున్నాయి. మొన్నటి బతుకమ్మకు అమ్మాయిలు కాసేపు తిరిగి, "కాళ్లు గుంజుతున్నయ్ అమ్మమ్మా" అంటూ కుర్చీల్లో కూలబడ్డారు. ఇప్పటికి ఎన్ని పాదాలు మార్చిందో తనకే గుర్తులేని మా అత్త, స్పీకరు ఆపించి వాళ్ల వైపు తిరిగింది.

"నాకు సుత గుంజుతున్నది, గని ఒక్క కాలే. లేవుండ్రి."